ఫారం నింపేది ఒకరు, ఫలితం అనుభవించేది ఇంకొకరు

సంపాదకులకు నమస్కారం.

వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. అసలు ప్రీమియం 30,000 ఉంటే అంతకు ముందు చేతి నుంచి 35,400 పోయేది. ఆ తేడా మిగిలింది, సంతోషమే. అమ్మేవాళ్లకు మాత్రం కొత్త పాట దొరికింది: ‘ట్యాక్స్ పోయింది సార్, ఈ రోజే తీసేసుకోండి.’ ఇలా ఫోన్లో పావుగంటలో పాలసీ కొనేస్తున్నవాళ్లు ప్రీమియం ఎంతో చూస్తున్నారు, కవరేజీ పది లక్షలా ఇరవై లక్షలా అన్నది చూస్తున్నారు. మన ఆరోగ్య వివరాలు రాసే దరఖాస్తు, అంటే ప్రపోజల్ ఫారం మాత్రం చూడటం లేదు. రేపు క్లెయిము వస్తుందా రాదా అన్నది సగం ఆ ఫారం నింపిన రోజే తేలిపోతుంది.

ఆ ఫారం ఎలా నిండుతోందంటే, కాల్‌సెంటర్ కుర్రాడు పేర్లు, పుట్టిన తేదీలు, ఎత్తు, బరువు అడుగుతాడు. అసలు ప్రశ్నలకు వచ్చేసరికి వేగం పెంచుతాడు. ‘క్యాన్సర్, హార్ట్, కిడ్నీ, లివర్ లాంటివి ఏమీ లేవు కదా సార్?’ అని అన్నీ ఒకే గుక్కలో అడిగేస్తాడు. లేవంటాం. ఆ ఒక్క మాటతో ఇరవై గడుల్లో ‘నో’ పడిపోతుంది. బీపీ మాత్ర వేసుకుంటున్నామని చెబితే ‘చిన్న మాత్రే కదా, అది రాస్తే మెడికల్స్ (వైద్య పరీక్షలు) అంటారు, లేటవుతుంది’ అంటాడు. చివర్లో ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, చదివి చెబుతాం. ఆ ఓటీపీయే మన సంతకం. ‘పైన రాసినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న వాక్యం కింద పడ్డ సంతకం. టార్గెట్ పూర్తయ్యాక ఆ కుర్రాడు ఏ కంపెనీలో ఉంటాడో తెలియదు. ఫారం మాత్రం కంపెనీ దగ్గర భద్రంగా ఉంటుంది.

తర్వాత వెరిఫికేషన్ కాల్ వస్తుంది. కొన్నిసార్లు కంపెనీ తరఫు డాక్టరే ఫోన్ చేసి ఆరోగ్యం గురించి అడుగుతారు, దాన్ని టెలీ మెడికల్ అంటారు. ఏజెంటు ముందే చెప్పి ఉంచుతాడు, ‘రొటీన్ కాల్ సార్, అన్నిటికీ ఓకే అనేయండి’ అని. ఆ కాల్ రికార్డవుతుంది. ఫారంలో ఏదైనా తప్పు పడి ఉంటే దిద్దుకోవడానికి అదే మంచి అవకాశం, దాన్నీ ‘ఓకే’తో ముగించేస్తాం. తెలుగులో మాట్లాడమని అడగడానికి మొహమాటపడకండి. ఇంగ్లిష్‌లోనో హిందీలోనో అడిగిన ప్రశ్న సగమే అర్థమై ‘నో’ అన్నా అది మన జవాబుగానే ఉండిపోతుంది.

రెండేళ్ల తర్వాత ఆసుపత్రిలో జరిగేది చూద్దాం. రోగిని చేర్చగానే డ్యూటీ డాక్టర్ పక్కనున్నవాళ్లను అడుగుతాడు, ‘షుగర్ ఉందా? ఎన్నాళ్ల నుంచి?’ కంగారులో ఉన్న కొడుకో కోడలో ‘ఓ పదేళ్ల నుంచి ఉండొచ్చండీ’ అంటారు. కేస్‌షీట్‌లో ‘నోన్ కేస్ ఆఫ్ డీఎం, 10 ఇయర్స్’ అని, అంటే పదేళ్లుగా షుగర్ ఉందని ఎక్కుతుంది. నిజానికి షుగర్ బయటపడింది పాలసీ కొన్న ఏడాదికి అయినా సరే, ఆ ఒక్క లైను చూసి కంపెనీ క్యాష్‌లెస్ (ఆసుపత్రికి తానే నేరుగా బిల్లు కట్టడం) ఆపేస్తుంది. కేస్‌షీట్లు తెప్పిస్తుంది, మనిషిని ఇంటికి పంపి పాత చీటీలు అడుగుతుంది. కాబట్టి ఆసుపత్రికి వెళ్లే మనిషికి ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఏ నెలలో బయటపడిందో తెలిసి ఉండాలి. తెలియకపోతే ‘తెలియదు’ అనడమే మంచిది. పొరపాటున రాసేసి ఉంటే డిశ్చార్జికి ముందే చికిత్స చేసిన డాక్టర్ చేత సవరణ లెటర్ రాయించుకుని, జబ్బు మొదట బయటపడిన ల్యాబ్ రిపోర్టు దానికి జత చేయాలి. డిశ్చార్జి అయ్యాక తెచ్చే లెటర్‌ను కంపెనీలు అంతగా నమ్మవు.

ఇక నిజంగానే పాత జబ్బు ఉన్నవారి సంగతి. పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో డాక్టర్ నిర్ధారించినది, లేదా చికిత్స తీసుకున్నది ఏదైనా ముందు నుంచి ఉన్న జబ్బు కిందికే వస్తుంది. దాన్ని చెబితే జరిగేవి మూడు: ప్రీమియం కొంత పెంచుతారు, లేదా ఆ జబ్బుకు గరిష్ఠంగా 36 నెలలు ఆగమంటారు, లేదా పాలసీ ఇవ్వమంటారు. 2024 ఏప్రిల్ 1కి ముందు ఆ గడువు 48 నెలల దాకా ఉండేది. ప్రీమియం పెంచేటట్టయితే ముందు మనల్ని అడిగి, ఒప్పుకున్నాకే పాలసీ ఇవ్వాలి. చెప్పకపోతే డెంగీతో చేరినా సరే, ‘థైరాయిడ్ దాచారు’ అని పాలసీనే రద్దు చేసే వాదన మొదలవుతుంది.

ఇక్కడ ఏజెంట్లు చెప్పే సగం నిజం ఒకటుంది: ‘ఐదేళ్లు దాటితే ఏమీ అడగరు సార్.’ విరామం లేకుండా 60 నెలలు పాలసీ నడిస్తే, ఆ తర్వాత మోసం చేశారని రుజువు చేస్తే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిము తిరస్కరించకూడదన్న నిబంధన ఉన్నమాట వాస్తవమే. అది పాత పాలసీదారుల రక్షణకు పెట్టింది. దాన్ని చూపించి అబద్ధం రాయించేవాడికి మూడో ఏట వచ్చే గుండెపోటుతో పని లేదు. పైగా మధ్యలో కవరేజీ ఐదు లక్షల నుంచి పదికి పెంచుకుంటే, పెంచిన ఐదు లక్షలకు 60 నెలల లెక్క మళ్లీ మొదటి నుంచీ మొదలు.

చాలామంది జబ్బు అనుకోనివి కూడా ఫారంలో రాయాలి. థైరాయిడ్ మాత్ర, పదేళ్ల కిందటి సిజేరియన్, ఆఫీసు హెల్త్ చెకప్‌లో స్కానింగులో కనిపించిన పిత్తాశయ రాళ్లు, కొలెస్ట్రాల్ మాత్ర, పాత ఫ్రాక్చర్‌కి వేసిన ప్లేటు, ఇంకో కంపెనీ గతంలో పాలసీ ఇవ్వనన్న విషయం, అన్నీ. బరువు ఉజ్జాయింపుగా చెప్పకుండా తూకం వేసుకుని చెప్పాలి. గడిలో చోటు చాలకపోతే విడి కాగితం మీద రాసి ఈమెయిల్‌లో పంపాలి. ఏజెంటు వాట్సాప్‌కి పంపిన కాగితం కంపెనీకి చేరినట్టు కాదు.

డబ్బు సంగతి. ప్రపోజల్‌తో పాటే పూర్తి ప్రీమియం కట్టించుకుని, మెడికల్స్ తర్వాత కాదని, వాపసుకి వారాలు తిప్పించడం పాత అలవాటు. 2025 మార్చి 1 నుంచి బీమా-ఆస్బా అనే ఏర్పాటు వచ్చింది. యూపీఐ ద్వారా ప్రీమియం మన ఖాతాలోనే బ్లాక్ అయి ఉంటుంది, కంపెనీ పాలసీ ఇస్తామన్నాకే అక్కడి నుంచి కదులుతుంది. అమ్మేవాడు తనంతట తాను దీని ఊసెత్తడు, మనమే అడగాలి.

ఇక ధరలు పోల్చే వెబ్‌సైట్లు. ‘తక్కువ ప్రీమియం ముందు’ అని వరస పెడతాయి. ఆ తక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో పాలసీ వర్డింగ్స్ అనే పీడీఎఫ్‌లో ఏ ముప్పయ్యో పేజీలోనో ఉంటుంది. చాలాసార్లు అది గది అద్దె దగ్గర దాగి ఉంటుంది. ఐదు లక్షల పాలసీలో గది అద్దె పరిమితి 1 శాతం అనుకుందాం, అంటే రోజుకు 5,000. మీరు 8,000 గదిలో నాలుగు రోజులున్నారు. బిల్లులో గది 32,000, సర్జన్, అనస్తీషియా, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000, మందులు 40,000, ఇంప్లాంటు, పరీక్షలు 30,000. మొత్తం 2,22,000. గదిలో తేడా 12,000 కట్టుకుంటే సరిపోతుందనుకుంటాం. కంపెనీ లెక్క వేరు. ఎనిమిదిలో ఐదు వంతులే మీ అర్హత కాబట్టి సర్జన్ ఫీజు వరసలో ఉన్న 1,20,000లోనూ 75,000 మాత్రమే ఇస్తుంది. గదికి 20,000, మందులు, పరీక్షలకు 70,000. చేతికొచ్చేది 1,65,000. జేబులోంచి పోయేది 57,000.

ఈ కోత వేయడంలోనూ ఒక హద్దుంది. మందులు, సర్జికల్ సామగ్రి, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ నిష్పత్తి వర్తించకూడదు. ఐసీయూ చార్జీల మీదా కూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లో అసలు ఈ కోతే వేయకూడదు. అయినా కంపెనీల తరఫున క్లెయిములు చూసే మధ్య సంస్థలు (టీపీఏలు) ఒక్కోసారి బిల్లు మొత్తాన్ని ఒకే నిష్పత్తిలో నరికేస్తాయి. పై ఉదాహరణలో అలా చేస్తే మరో 26,250 పోయినట్టే. సెటిల్‌మెంట్ లెటర్‌లో ఏ పద్దు కింద ఎంత తగ్గించారో పద్దువారీగా అడిగి తీసుకోండి. ‘మొత్తం మినహాయింపు’ అని ఒక్క అంకె ఇస్తే ఒప్పుకోవద్దు.

మన జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవలసింది జోన్. కొన్ని పాలసీల్లో ఊరిని బట్టి ప్రీమియం ఉంటుంది. ఖమ్మం, శ్రీకాకుళం చిరునామాతో తక్కువ ధరకి వస్తుంది. పెద్ద జబ్బు వస్తే వెళ్లేది హైదరాబాద్, విశాఖలకే. అక్కడ చేరితే బిల్లులో 10 నుంచి 20 శాతం దాకా మనమే భరించాలన్న షరతు ఆ తక్కువ ధర వెనకే ఉండొచ్చు. హైదరాబాద్‌లో కాపురముండే కొడుకు తల్లిదండ్రుల పేరిట తీసుకునేటప్పుడు ప్రీమియం తగ్గించడానికి సొంతూరి చిరునామా వేయించడం మరీ చేటు.

కన్‌జ్యూమబుల్స్, అంటే చికిత్సలో వాడి పారేసే వస్తువుల గోల ఎటూ ఉంది. చెల్లించక్కర్లేని వస్తువులంటూ 68 పేర్ల జాబితా ఒకటి చాలా పాలసీల వెనక అంటించి ఉంటుంది. గ్లౌజులు, మాస్కులు, నెబ్యులైజర్ కిట్టు, నడుము బెల్టు అన్నీ అందులోవే. ‘వివరాలు లేని కిట్’ అన్నది కూడా ఒక పేరే. ఆసుపత్రి బిల్లులో ‘సర్జరీ కిట్ 6,000’ అని ఒకే పద్దు కింద రాస్తే మొత్తం పోతుంది. అందులో ఏమేమున్నాయో విడదీసి రాయించుకుంటే కొంతైనా వస్తుంది. విడిగా కన్‌జ్యూమబుల్స్ కవర్ అమ్ముతారు, ఆపరేషన్ అయ్యే అవకాశమున్న వయసు వాళ్లకు అది తీసుకోదగ్గదే. డబ్బు తిరిగిస్తామనే, జిమ్ము డిస్కౌంట్లిచ్చే రైడర్లు (పాలసీకి తగిలించే అదనపు కవర్లు) అవసరం లేదు.

టాపప్‌కీ సూపర్ టాపప్‌కీ తేడా చెప్పకుండా అమ్మేస్తున్నారు. బేస్ పాలసీ ఐదు లక్షలు, పైన ఐదు లక్షల డిడక్టబుల్‌తో, అంటే ఐదు లక్షలు దాటిన బిల్లుకే ఇస్తామన్న షరతుతో ఇంకొకటి. ఏడాదిలో రెండుసార్లు నాలుగేసి లక్షల బిల్లయితే, మామూలు టాపప్ ఒక్కో బిల్లు విడిగా ఐదు దాటలేదని పైసా ఇవ్వదు. సూపర్ టాపప్ రెంటినీ కలిపి చూసి మూడు లక్షలు ఇస్తుంది.

బ్యాంకు కౌంటర్లో అంటగట్టే పాలసీలు చాలామటుకు గ్రూప్ పాలసీలు. అసలు పాలసీదారు బ్యాంకు, మనం అందులో సభ్యులం మాత్రమే. బ్యాంకూ కంపెనీ చెడితే వచ్చే ఏడు ఆ పాలసీ ఉండకపోవచ్చు. లోను మంజూరు చేయాలంటే ఇది తీసుకోక తప్పదని మేనేజర్ అంటే, ఆ మాట రాసి ఇమ్మనండి. రాసివ్వరు.

అరవై ఐదు దాటినవారికి కొనడం కష్టమే. వయోపరిమితి 2024లో తీసేసిన మాట నిజం, ఫోన్ చేస్తే ఇప్పటికీ మర్యాదగా తప్పించేస్తారు. ఎందుకు ఇవ్వరో రాసి పంపమని ఈమెయిల్ పెడితే కొన్ని కంపెనీలు దారికొస్తాయి. అరవై దాటినవారి ప్రీమియాన్ని తనను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదని 2025 జనవరి 30న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది, రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు ఆ లెక్క వేసుకోండి. నిరుడు క్లెయిము తీసుకున్నారన్న కారణంతో మీ ఒక్కరికే ప్రీమియం పెంచడానికి గానీ, రెన్యువల్ కాదనడానికి గానీ వీల్లేదు. డెబ్బై నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కవరేజీ 2024 అక్టోబరు నుంచి ఉంది, ప్రైవేటు పాలసీ ఉన్నా ఆ కార్డు తీసుకోవచ్చు. తల్లిదండ్రుల పాలసీకి వేలకు వేలు పోసేముందు ఆ కార్డు చేయించండి. ఆరోగ్యశ్రీ అర్హత ఉన్నవాళ్లు కూడా తమ ఆరోగ్యశ్రీ కార్డు ఎక్కడ చెల్లుతుందో ముందు చూసుకుని, మిగిలిన లోటుకే ప్రైవేటు పాలసీ కొనుక్కుంటే మేలు.

కంపెనీని ఎంచుకోవడానికి ప్రకటనల్లోని ‘98 శాతం సెటిల్‌మెంట్’ లాంటి అంకెలు చాలవు. లక్ష బిల్లుకు అరవై వేలిచ్చినా అది సెటిలైన క్లెయిమే. ప్రతి కంపెనీ వెబ్‌సైట్లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ అనే పేజీ ఉంటుంది. అందులో ఎన్ఎల్-37 అనే పట్టికలో క్లెయిముల లెక్కలు, ఎన్ఎల్-45లో ఫిర్యాదుల లెక్కలు ప్రతి మూడు నెలలకూ పెడతారు. ఆ రెండూ చూశాక, మీరు వెళ్లే ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కుకి ఫోన్ చేసి ‘ఈ కంపెనీ క్యాష్‌లెస్ ఇప్పుడు నడుస్తోందా’ అని అడగండి. వెబ్‌సైట్ జాబితాలో పేరుండి కౌంటర్ దగ్గర ‘ఆ కంపెనీతో రేట్లు తేలలేదు’ అనే ఆసుపత్రులున్నాయి. కంపెనీ మార్చాలనుకుంటే రెన్యువల్‌కి 45 రోజుల ముందే కొత్త కంపెనీకి పోర్టబిలిటీ (పాలసీ బదిలీ) దరఖాస్తు పెట్టాలి, అటు నుంచి ఒప్పుకున్నట్టు కాగితం వచ్చేదాకా పాత పాలసీ వదలకూడదు.

నిబంధనలు ఈ మధ్య కొనేవాడికి అనుకూలంగానే మారాయి. ఆ మాట ఒప్పుకోవాలి. అవి రాసే ఐఆర్‌డీఏఐ ఉన్నది మన హైదరాబాద్‌లో, నానక్‌రాంగూడలో. అంత దగ్గర ఉన్నా తెలుగువాడికి పాలసీ కాగితం తెలుగులో రావడం లేదు. 2024 జనవరి 1 నుంచి ప్రతి పాలసీతోనూ ముఖ్యాంశాలు చెప్పే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ ఇవ్వాలి, అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలి. మెలిక ‘అడిగితే’ దగ్గరుంది. అలాంటి షీటు ఉందని తెలియనివాడు దాన్ని ఎలా అడుగుతాడు? రెండు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి పాలసీకీ ఆ షీటూ, నింపిన ప్రపోజల్ ఫారమూ అడగకుండానే తెలుగులో పంపాలని ఐఆర్‌డీఏఐ ఆదేశించాలి. ఫోన్లో అమ్మిన పాలసీ అయితే ఆ కాల్, టెలీ మెడికల్ కాల్ రికార్డింగులు పాలసీతో పాటే కొన్నవాడి ఈమెయిల్‌కి చేరాలి. క్లెయిము కాదనడానికి పనికొచ్చే రికార్డింగు కొన్నవాడి చేతిలోనూ ఉండొద్దా? ఫారం నింపిన మనిషి పేరు, కోడ్ దాని మీద అచ్చయి ఉండాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

అంతదాకా, ఇప్పటికే ఫోన్లో కొనేసినవాళ్లు ఇంట్లో ఉన్న పాలసీ పీడీఎఫ్ తెరిచి, చివర్లో ఉన్న ప్రపోజల్ ఫారం నకలు చదవండి. పాలసీ చేతికొచ్చి 30 రోజులు కాకపోతే, నచ్చలేదని తిప్పి పంపేయొచ్చు, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ, కవరేజీ నడిచిన రోజుల ప్రీమియం మినహాయించుకుని మిగతాది ఇచ్చేస్తారు. 30 రోజులు దాటినా, ‘లేదు’ అని తప్పుగా పడ్డ జవాబు కనిపిస్తే కంపెనీ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కి పాలసీ నంబరు, ఏ ప్రశ్నకు ఏ జవాబు ఉండాలి, ఆ జబ్బు మొదట ఎప్పుడు బయటపడింది అన్నవి రాసి, పాత రిపోర్టు జత చేసి పంపండి. వాళ్లు ప్రీమియం పెంచొచ్చు, అరుదుగా రద్దూ చేయొచ్చు. సవరించామని ఎండార్స్‌మెంట్ అనే కాగితం ఇచ్చేదాకా ఆ ఈమెయిల్‌ను వదలకండి. నెలలోగా జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన బీమా భరోసా పోర్టల్లోనో, 155255 నంబరుకో ఫిర్యాదు చేయండి. క్లెయిము తిరస్కరించిన కేసైతే, కంపెనీకి రాసి నెల ఆగాక, ఏడాది దాటకుండా హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను, అంటే బీమా తగాదాలు తేల్చే అధికారిని ఆశ్రయించాలి. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ చూస్తారు, ఫీజు లేదు, వకీలుతో పని లేదు. రెండు రాష్ట్రాలకూ ఆ ఆఫీసే.

ఇట్లు,
ఒక విశ్రాంత బీమా ఉద్యోగి,
హనుమకొండ